పోగొట్టుకున్నోళ్ల సినిమా

ఈ లోకంలో దొరికిన వస్తువంటూ ఏదీ లేదని బాపురావు నమ్మకం. ఉన్నవన్నీ పోయిన వస్తువులే. ఒకరికి దొరికిందంటే ఇంకొకరికి పోయిందనే కదా అర్థం, ఆ ఇంకొకరెవరో తేలేదాకా నోట్లోకి ముద్ద ఎలా దిగుతుంది అన్నది ఆయన వాదం. అందుకే బోధన్‌లో ఏ గల్లీకి పోయినా ఆయన ఏదో ఒకటి చేత్తో పట్టుకుని, గడపగడపకూ ఆగుతూ, "గిది ఎవరిది?" అని అడుగుతూ కనబడేవాడు. ఆ ఏదో ఒకటి ఒంటి చెప్పు కావచ్చు, తాళం చెవి కావచ్చు, సోడా సీసా మూత కావచ్చు. విలువతో ఆయనకు పని లేదు. మూతకైనా మనిషి ఉంటాడు.

ఉద్యోగమంతా బోధన్ – నిజామాబాద్ బస్సులో కండక్టరుగా చేశాడు. ఆఖరు స్టాపులో అందరూ దిగాక సీట్ల కింద వంగి చూడడం, టిఫిన్ డబ్బానో పసిపిల్ల గజ్జెనో పైకెత్తి "గిది ఎవరిది?" అని కేకేయడం అలవాటైంది. "రిటైరైననాడు టికెట్ల సంచి అప్పజెప్పిండు, విజిల్ అప్పజెప్పిండు, గా ప్రశ్న ఒక్కటి అప్పజెప్పుడు మరిచిండు," అనేది ఆయన భార్య రాధాబాయి.

ఒకసారి వర్ని రోడ్డు మీద ఆయనకు గొడుగు దొరికింది. తప్పు, ఎవరికో పోయింది. అంతలోనే కుండపోతగా వాన మొదలైంది. బాపురావు గొడుగును చంకలో పెట్టుకుని నిలువునా తడుస్తూ ఇంటింటికీ తిరిగాడు. "గొడుగు చేతుల ఉన్నది గదా కాకా, తెరవరాదు?" అంటే, "మందిది బాబా, తడిస్తే ఎట్ల?" అన్నాడు.

చెరకు లారీల సంగతి ఇంకా అన్యాయం. లారీ వెనక ఊరంతా ఎందుకు ఉరుకుతుందో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఒక గడ గుంజుకోవడానికి. బాపురావు మాత్రం కిందపడిన గడను సైకిలుకు కట్టుకుని, దాన్ని తిరిగి పెట్టడానికి ఉరికేవాడు. ఒకసారి డ్రైవరు ఆశన్న అద్దంలో చూసి ఇంకో దొంగ వచ్చాడనుకుని స్పీడు పెంచాడు. ఆయనా పెంచాడు. చివరికి రైలుగేటు దగ్గర ఆశన్న దొరికిపోయి, ఆయన చేతిలోని గడను చూసి, తన లారీని చూసుకుని, "తాతా, నాకు చాయ్ తాపియ్యి, కాళ్లు వణుకుతున్నయి," అన్నాడు.

మనిషి సన్నగా, చెరకు గడకు అంగీ తొడిగినట్టుండేవాడు. ఆ ఖాకీ అంగీకి గుండె దగ్గర ఓ పెద్ద పిన్నీసు. దానికి ఎప్పుడూ రెండు మూడు తాళం చెవులు వేలాడుతుండేవి. ఏవీ ఆయనవి కావు.

సుష్మకు ఆయన పరిచయమైంది ఒక గుండీతో.

బస్టాండు వెనక ఆమెకో ఫొటో స్టూడియో ఉంది. తండ్రి పెట్టింది, ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరిదీ. కిందటేడు వానాకాలం అందులోకి ఈగ తప్ప ఎవరూ రాలేదు. కెమెరా లేని జేబు లేదు, పైగా మూఢం వచ్చి పెళ్లిళ్లూ లేవు. షట్టరు సగం దించి, లోపల ఒక్కతే కూర్చుని గోడమీద పాత పెళ్లికూతుళ్లను చూస్తుండేది. ఓ మధ్యాహ్నం ఆ సగం షట్టరు కింది నుంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, వెనక బాపురావు వచ్చాడు. చేతిలో మందపాటి గోధుమరంగు గుండీ.

"గిది ఎవరిది?"

"నాది కాదు కాకా."

"మంచిగ సూడు."

"సూసిన. నేను గుండీలంగి ఏసుకోను."

"నీ గిరాకీలదేమో."

"గిరాకీ వస్తే గద."

"వస్తరు. అందాంక కూసుంట," అని కూర్చుని, చాయ్ తెప్పించి, నిజామాబాద్ బస్సులో మేకపిల్ల టికెట్ లేకుండా ప్రయాణం చేసిన ముచ్చట చెప్పి వెళ్లాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. "నిన్న కరెంటు లేకుండె. చీకట్ల సరిగ సూడలేదేమోనని." ఆ మర్నాడూ వచ్చి, ఈసారి గుండీని బల్లమీద పెట్టి, "నీ దగ్గర ఉంచు. అసలోళ్లు వస్తే ఇయ్యి," అన్నాడు.

అసలువాళ్లు రాలేదు. తీయడానికి ఇంకేమీ లేక సుష్మ ఆ గుండీనే ఫొటో తీసింది. కొంచెం జరిపి మళ్లీ తీసింది. అలా పొద్దుగూకేదాకా తీసి, అన్నీ వరసగా కంప్యూటర్లో ఆడిస్తే గుండీ బల్లమీద తనంత తాను నడిచింది. ఎవరి చెయ్యీ లేకుండా, పనిమీద పోతున్నట్టు. ఆమె ఒక్కతే గదిలో పకపకా నవ్వింది. షట్టరు పూర్తిగా ఎత్తింది ఆ సాయంత్రమే.

ఆ పనిలో ఆమెకు గురువంటూ ఎవరూ లేరు. ఫోన్లో చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకుంది. పక్క వెల్డింగ్ షాపు శివకుమార్ ఒకనాడు అది చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి, పాత కుట్టుమిషను కాళ్లకు ఇనుప పట్టీలు అతికి కెమెరా కిందికి చూసేలా స్టాండు చేసుకొచ్చాడు. దాన్ని గుద్దినా కెమెరా వెంట్రుకంత కదలదు. "నువ్వు అడగలేదు గని, నీ బల్ల ఊగుడు సూస్తే నాకు నిద్ర పడుతలేదు," అన్నాడు. మాటల్లో సాయం చేసేవాళ్లు ఊరినిండా ఉంటారు. స్టాండు చేసేవాడు ఒక్కడే ఉంటాడు.

వస్తువులు జరిపే పని బాపురావుది అయింది. అది ఆయన వేళ్ల గొప్ప. ఊగే బస్సులో నిలబడి, టికెట్లు చించి, చిల్లర లెక్కపెట్టిన వేళ్లకు కదలని బల్ల ఒక లెక్కా? మూతను బియ్యపుగింజ వెడల్పు జరపమంటే గింజ వెడల్పే జరిపేవాడు, గింజన్నర కాదు. చెయ్యి ఫొటోలో పడకుండా తీసి "రైట్" అనేవాడు. సుష్మ నొక్కేది. మళ్లీ చెయ్యి పెట్టబోతూ "హోల్డాన్" అనేవాడు. మధ్యలో మూతలతో మాటలు.

"జరుగుండ్రి, జరుగుండ్రి, ముందట మస్తు జాగ ఉన్నది. ఓ ఎర్ర మూతా, నిన్నే, డోర్ల నిలబడకు. రైట్."

వాళ్లు మొదలుపెట్టిన సినిమా మూడు నిమిషాలది. పారేసినవి తప్ప కొన్నవి వాడకూడదని సుష్మ పెట్టుకున్న నియమం. మూతలు, గాజుముక్కలు, సైకిల్ చైను, పసుపు కొమ్ములు, చెరకు పిప్పి, లారీ వెనక కట్టే ఎర్రగుడ్డ పీలికలు. అవి వరసలు కడతాయి, సుడి తిరుగుతాయి, చెదురుతాయి, మళ్లీ కలుస్తాయి. అంతే.

"కథేంది?" అన్నాడు సుష్మ అన్న రాజేందర్.

"కథ లేదన్నా. రంగులు, రూపాలు, నడక."

"హీరో?"

"గుండీ."

"హీరోయిన్?"

"సైకిల్ చైను," అన్నాడు శివకుమార్ తలెత్తకుండా. "గని ఇద్దరికి కలవది."

రాజేందర్ చెడ్డవాడు కాడు, జిరాక్స్ మనిషి. వెనక గదిలో జిరాక్స్ మిషన్ పెట్టి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపితే నాలుగు మెతుకులు పుడతాయని ఆయన ఆలోచన. బల్లా స్టాండూ ఉన్నది ఆ వెనక గదిలోనే.

"సూడు సుష్మా. దసరా పోయినంక వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాలు నేనే మాట్లాడుత. నీ సినిమా ఎయ్యి. మన ఇంటోళ్లు గాక హాలు సగం నిండి, ఆఖరుదాంక లేవకుంట కూసున్నరనుకో, గది నీది. లేకుంటే సోమారం పొద్దుగాల మిషన్ దిగుతది. నేను ఒక్క మాట అన."

"ఒక్క మాట అనకుండుడు ఇప్పుడే షురూ చేస్తే మంచిది," అని సుష్మ ఒప్పుకుంది.

చిక్కు బాపురావుతో వచ్చింది. పారేసిన వస్తువులతో సినిమా తీయాలి, పారేసిన వస్తువంటూ ఉంటుందని ఒప్పుకోని మనిషితో.

శివకుమార్ సంచెడు సామాను ఏరుకొచ్చి బల్లమీద పోశాడు. బాపురావు ఒక్కొక్కటీ తీసి చూశాడు.

"గీ గాజుముక్క ఎవరిది?"

"రోడ్డుదే కాకా."

"రోడ్డు గాజులేసుకుంటదా?"

అలా అని లేచి గాజుముక్క పట్టుకుని గల్లీలోకి పోయేవాడు. పొద్దున పోతే మధ్యాహ్నం వచ్చేవాడు. "చాకలోళ్ల గల్లీల పెద్దవ్వది. మనుమరాలి సీమంతంల పగిలిందట. వాడుకోమన్నది," అని అప్పుడు బల్లమీద పెట్టేవాడు. ఒక పసుపు కొమ్ము కోసమైతే బస్సెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకే పోయాడు. అక్కడ కొండల్లా పోసిన కుప్పల మధ్య నిలబడి కొమ్ము పైకెత్తి "గిది ఎవరిది?" అన్నాడు. రైతులు ఆయన వంక చూశారు, కొమ్ము వంక చూశారు, చుట్టూ ఉన్న లక్షల కొమ్ముల వంక చూశారు. మెండోర రైతు భూమన్న జాలిపడి, "నాదే, గా కుప్పల ఏసిపో," అన్నాడు.

"నీదే అని ఎట్ల అంటవు?"

"నీ పీడ వదులుతదని అంటున్న."

"మరైతే సినిమల పెట్టుకోవచ్చునా?"

"దేంట్ల?"

సినిమాలో పసుపు కొమ్ము ఏం చేస్తుందో బాపురావు ఆయనకు నేలమీద బొమ్మ గీసి, జరిపి, "రైట్" చెప్పి చూపించాడు. కాంటా ఆగిపోయింది. చుట్టూ మూగిన రైతులు కొమ్ము ఎటు పోవాలో తలా ఒక సలహా ఇచ్చారు.

సుష్మకు ఓపిక తరిగిపోతోంది. "కాకా, దినాలు దగ్గరవడ్డయి. సోడా మూతకు గూడ అడిగేదేముంది?"

"మూతను అడుగుతలేను బిడ్డా. మూత గలోళ్లను అడుగుతున్న."

అసలు పిడుగు ఆఖరు వారంలో పడింది. సినిమాకు గుండెకాయలాంటి సుడి తీస్తున్నారు. వస్తువులన్నీ గుండ్రంగా తిరుగుతాయి, నడిమధ్య ఒక తళతళలాడే రేకుముక్క. శివకుమార్‌కు మోరీ కాలువ పక్కన కనబడింది. ఎంత తోమితే అంత మెరిసింది. బాపురావు అడుగుతూనే ఉన్నాడు, ఎవరిదో ఇంకా తేలలేదు. మూడు రోజులుగా సుడి గింజ గింజ తిరుగుతోంది. సుష్మ ముందు గదిలో ఒక పాస్‌పోర్ట్ ఫొటో తీసి వచ్చేసరికి నడిమధ్య రేకు లేదు.

"కాకా, రేకు ఏది?"

"బీడీలు చేసే ముత్తవ్వది. తునికాకు కత్తిరించే రేకు. మోరీల పడిందట, అప్పటిసంది పక్కామె రేకు కోసం కూసుంటున్నది. ఇప్పుడే ఇచ్చొచ్చిన."

"షాటు నడుమ ఇస్తరా?"

"ఆమె ఆకులు ఆగినయి బిడ్డా. మన బొమ్మ జర ఆగితే ఏమైతది?"

సుష్మ గోడమీది కేలెండరు చూసింది. మొదటి నుంచి తీయడానికి రోజులు లేవు. రేకు తిరిగి అడగడానికి నోరు రాదు. శివకుమార్ స్టాండుకు తల ఆనించి, "జిరాక్స్ మిషన్‌కు గూడ స్టాండు నేనే చెయ్యాలె గావచ్చు," అన్నాడు.

ఆమె కెమెరా తెర వంక చూస్తూ కూర్చుంది. తిరిగే రంగుల నడుమ ఒక ఖాళీ. ఎంత చూసినా చూపు ఆ ఖాళీ దగ్గరికే పోతోంది.

"గా ఖాళీనే జరుపుదాం," అంది.

"లేనిదాన్ని ఎట్ల జరుపుతవు?" అన్నాడు శివకుమార్.

బాపురావు అప్పటికే బల్లమీదికి వంగాడు. "గదేముంది బాబా. సీట్ల ఒకలు దిగుతరు. పక్కోళ్లు జరుగుతరు. జాగ ఎనక సీటుకు పోతది. బస్సంత జాగనే తిరుగుతది." అని పక్కనున్న మూతను ఖాళీలోకి గింజంత జరిపాడు. "రైట్."

ఆ ఖాళీ మూతల మధ్య నుంచి గాజుల్లోకి, గాజుల నుంచి పసుపులోకి, ఎవరినో వెతుకుతున్నట్టు నడిచింది. వెనకే గుండీ. ముగ్గురూ రెండుసార్లు ఆడించి చూసుకున్నారు. శివకుమార్, "ముత్తవ్వకు దండం పెట్టాలె," అన్నాడు.

ఆదివారం వచ్చింది. ఊరంతా పోస్టర్లు అంటించారు. "కథ లేని సినిమా" అని రాసి ఉండడం చూసి, కథ ఉన్న సినిమాలకే పోనివాళ్లు నిశ్చింతగా ఇంట్లో కూర్చున్నారు. చెప్పిన వేళకు హాల్లో ఇంటివాళ్లు, వాచ్‌మన్ సిద్దిరాములు, తోడుగా ఒక కుక్క. రాజేందర్ కుర్చీల వరసలు చూసి, చెల్లెలి మొహం చూసి, గెలిచినందుకు తానే ఇబ్బంది పడుతూ నిలబడ్డాడు.

"కాకా యాడ?" అంది సుష్మ.

"ఏమో. ఎవరిదో ఏదో పట్టుకొని పోయి ఉంటడు," అన్నాడు శివకుమార్.

అప్పుడు గుమ్మంలో ముత్తవ్వ కనబడింది. మోకాళ్లు పట్టుకుని, వెనక బీడీలు చేసే గల్లీ మొత్తాన్ని వెంటబెట్టుకుని. "నా రేకు ఉన్నదట గద సినిమల." ఆమె వెనక గాజుల పెద్దవ్వ, సీమంతమైన మనుమరాలితో. ఆశన్న లారీ బయట ఆగింది, ఎర్రగుడ్డ ఆయనది మరి. మెండోర నుంచి భూమన్న నలుగురు రైతులతో దిగి, "నా కొమ్ము ఎన్ని గంటలకు వస్తది?" అని అడిగాడు. తలుపు దగ్గర బాపురావు నిలబడి, "జరుగుండ్రి, జరుగుండ్రి, ముందట జాగ ఉన్నది," అంటున్నాడు. సగం కాదు, హాలు నిండి గోడల వెంట నిలబడ్డారు. కుక్క సీటు కూడా పోయింది.

దీపాలు ఆర్పారు. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత చీకట్లో ఒక గొంతు, "గదిగో నా గాజు," అంది. "నా కొమ్ము, పచ్చగ ఎట్ల ఉన్నది సూడుండ్రి, మెండోర పసుపంటే గది." "నా మూత గని, గింత సక్కగ నడుస్తదని ఎర్కలేదు." నడిమధ్య ఖాళీ కదలడం మొదలైనప్పుడు ముత్తవ్వ లేచి నిలబడింది. "గది నాది. నా రేకు జాగ. ఎవ్వలు తొక్కకుండ్రి."

మూడు నిమిషాలు అయిపోయాయి. ఎవరూ లేవలేదు.

"ఇంకోసారి ఏయుండ్రి," అన్నాడు భూమన్న. "మొదటిసారి నా కొమ్మునే సూసిన. మందియి సూడలె."

రెండోసారి హాలంతా అందరి వస్తువులూ చూసింది. సుడి తిరిగినప్పుడు తలలన్నీ కొంచెం కొంచెంగా తిరిగాయి. అది చూసి సుష్మకు తన పని తనకు కొత్తగా తెలిసింది. చివర్లో నీలం పెన్ను మూత ఒకటి ఒంటరిగా జారుతూ పోతుంటే పక్కనున్న రాజేందర్ గొంతు తగ్గించి, "గది నాదే," అన్నాడు. "మూడుసార్లు అడగవచ్చిండు. నాది కాదు పో అన్న." మళ్లీ తానే, "మిషన్ ముందట గదిల పెడుదాం. నువ్వు సెప్పు, స్టాండు ఎంత ఎత్తుండాలె?" అని శివకుమార్ వైపు తిరిగాడు.

చివరి బొమ్మలో తెరమీద గుండీ ఒక్కటే మిగిలింది. అందరివీ అయిపోయాయి. చీకట్లో ఎవరో, "మరి గా గుండీ ఎవరిది?" అన్నారు. హాలంతా అందుకుంది, "గిది ఎవరిది? గిది ఎవరిది?" సుష్మ వెనక వరసలో మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాధాబాయి కిలకిలా నవ్వుతోంది.

"ఏంది చిన్నమ్మా?"

"ఎవరిదేంది బిడ్డా, గాయన అంగిదే. నా కత్తెర తీసుకొని తానే తెంపుకున్నడు. ఏడాది సంది కుడుత అంటే కుట్టనీయడు, పిన్నీసు పెట్టుకొని తిరుగుతడు."

"తెంపుకున్నడా? ఎందుకు?"

"నీ దుకాణం షట్టరు సగమే ఉంటున్నదట, లోపట పోరి ఒక్కతే గోడలు సూసుకుంట కూసుంటున్నదట. ఊకనే పోతే ఏమనుకుంటదో అని గుండీ పట్టుకొని వచ్చిండు. నువ్వేమో నాది కాదు పో అంటివి, రెండోనాడు గూడ రావలసి వచ్చింది."

"మరి సోడా మూతలు?"

"సోడా తాగింది ఎవరనుకున్నవు? ఊరిల ఎవరింటి తలుపు ఊకె మూసి ఉంటే గా ఇంటికి ఒక మూత పోతది." రాధాబాయి గొంతు తగ్గించి మొగుణ్ని అనుకరించింది. "ఎట్లున్నవు అని అడిగితే బాగున్న అని తలుపేస్తరే రాధా. గిది ఎవరిది అని అడిగితే పీట ఏస్తరు."

సోమవారం ఎవరి వస్తువులు వాళ్లకు చేరాయి, ఒక్కొక్కటీ బాపురావే ఇంటికి పోయి ఇచ్చి, ఇంటింటికీ చాయ్ తాగి వచ్చాడు. వెనక గదిలో బల్ల ఖాళీ అయింది. గుండీ ఒక్కటే ఉంది. సుష్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ఆయన ముక్కు ముందు పెట్టింది.

"కాకా. గిది ఎవరిది?"

బాపురావు గుండీని చూశాడు. శివకుమార్‌ను చూశాడు, అతను స్టాండుకు నూనె వేయడంలో మునిగిపోయినట్టు నటించాడు. చెయ్యి దానంతటదే పిన్నీసు మీదికి పోయింది. అక్కడ వేలాడుతున్న తాళం చెవులు గలగలమన్నాయి.

"మంచిగ సూడు," అంది సుష్మ.

"సూసిన," అన్నాడు. చాలాసేపు ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అనని మాట అనడానికి ఆ మాత్రం సేపు పడుతుంది.

"దొరికింది అనుకో బిడ్డా."

అని గుండీ తీసుకుని, ఖాళీ బల్ల ఒక మూలన పెట్టి, గింజంత జరిపి, చెయ్యి తీశాడు.

"రైట్."